ముందు నడిచే దారి కొలవండి, సెట్‌బ్యాక్ మాట తర్వాత

సంపాదకుల వారికి,

నమస్కారం. విజయనగరం గంటస్తంభం దగ్గర మా తాతగారి నాటి స్టీలు సామాన్ల కొట్టు నడుపుతున్నాను. కొట్టు వెడల్పు పదకొండు అడుగులు, లోతు ముప్పై ఎనిమిది. ఈ కొలతలు ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈమధ్య మా బజారులో ఇద్దరు వ్యాపారులు కలిస్తే చాలు, మాట సెట్‌బ్యాక్ దగ్గరికే వస్తోంది. పాత కొట్టు పడగొట్టి కొత్తది కట్టుకోవాలంటే రోడ్డు వైపు మన స్థలంలోనే కొంత ఖాళీ వదలాలి, దాన్నే సెట్‌బ్యాక్ అంటారు. ఉన్నదే గుప్పెడు జాగా, అందులోంచి వదిలేస్తే మిగిలేదేమిటని మావాళ్ల బాధ. ఊరి నడిబొడ్డున ఈ నిబంధనే ఎత్తేయాలని కొందరంటున్నారు. ఉన్నదాన్ని ఎవరూ పాటించడం లేదు, ముందు అది గట్టిగా అమలు చేయండని ఇంకొందరు. నేను మొన్నటి దాకా ఎత్తేయమనేవాళ్లలోనే ఉన్నాను. ఇప్పుడు లేను.

మా కొట్టు మెట్ల మీద, వాటి ముందున్న కాలువ పలకల మీద బిందెలు, గుండిగలు, బియ్యం డబ్బాలు పేర్చేవాళ్లం. పక్క కొట్టువాళ్లు ప్లాస్టిక్ కుర్చీలు దొంతర్లుగా పెడతారు. కిందటి దసరాకి ముందు ఒక సాయంత్రం, ఒక పెద్దావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని అటుగా వచ్చింది. పలకల మీద దారి లేక రోడ్డు మీదికి దిగింది. వెనక నుంచి వచ్చిన ఆటో అద్దం మోచేతికి తగిలి పడిపోయింది. మణికట్టు విరిగింది. నేనూ, కొట్టులో కుర్రాడూ లేవదీసి కూర్చోబెట్టాం. ఆవిడ ఆటో అబ్బాయినీ ఏమీ అనలేదు, నన్నూ ఏమీ అనలేదు. ‘నడవడానికి చోటేది బాబూ’ అని మాత్రం అంది. చోటు ఉంది. ఆ చోటులో నా బిందెలు ఉన్నాయి.

ఆ రాత్రి కొట్టు కట్టేశాక టేపు పట్టుకుని కూర్చున్నాను. తారు అంచు నుంచి నా షట్టరు దాకా ఎనిమిది అడుగుల పైనే ఉంది. అందులో కాలువ పలకలు మూడడుగులు. ఆ తర్వాత మా మెట్లు. నా మెట్టు ఎత్తు తొమ్మిది అంగుళాలు, పక్క కొట్టుది అడుగున్నర, ఆ పైది నున్నటి టైల్స్ వేసిన ర్యాంపు. వరసగా పది కొట్లు దాటి చూశాను. పద్నాలుగు సార్లు ఎక్కి దిగాల్సి వచ్చింది. నాకు మోకాళ్లు బాగానే ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

అప్పుడు నిబంధనలు తెప్పించి చదివాను, మా బంధువుల అబ్బాయి ఒకడు ప్లాన్లు గీస్తాడు, అర్థం కానివి అతన్ని అడిగాను. రాష్ట్రంలో 2017 నాటి భవన నిర్మాణ నిబంధనలు ఉన్నాయి, తర్వాత వాటికి సవరణలు వస్తూ ఉన్నాయి. స్థలం ఎంత, ఎదురుగా ఉన్న రోడ్డు ఎంత వెడల్పు అన్న దాన్ని బట్టి ముందు వదలాల్సిన ఖాళీ మారుతుంది. నాలాగ 50 చదరపు మీటర్ల లోపు స్థలం ఉన్నవాడికి, 12 మీటర్ల లోపు రోడ్డు మీద 2017 నిబంధనల పట్టిక ప్రకారం మీటరున్నర. రోడ్డు బాగా వెడల్పయితే మూడు మీటర్లు. మీటరున్నర అంటే ఇంచుమించు ఐదడుగులు. నా పదకొండు అడుగుల ముఖానికి యాభై ఐదు చదరపు అడుగులు, అంటే ఆరు గజాలు. గంటస్తంభం దగ్గర ఆరు గజాల విలువ ఎంతో ఈ ఊళ్లో ఎవరినైనా అడగండి. మావాళ్ల బాధ ఉత్తిది కాదు.

కాలిబాట సంగతి వేరే పుస్తకంలో ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో పాదచారుల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో, అడ్డం లేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఉండాలన్నారు. ఇద్దరు చక్రాల కుర్చీల మీద ఎదురెదురుగా వచ్చినా తప్పుకోగలిగే వెడల్పు అది. దుకాణాలున్న చోట రెండున్నర మీటర్లు. అంచు ఎత్తు ఆరంగుళాలు మించకూడదు. తలపైన 2.2 మీటర్ల దాకా ఏదీ అడ్డు రాకూడదు. మా బజారులో రేకులు, బోర్డులు ఎంత కిందికి వేలాడతాయో కాస్త పొడుగ్గా ఉన్నవాళ్ల నుదుళ్లకి తెలుసు.

అసలు చిక్కు ఈ రెండు పుస్తకాలూ ఎక్కడా కలుసుకోకపోవడం. స్థలం గీతకి లోపల ఉన్నది టౌన్ ప్లానింగ్ వాళ్లు చూస్తారు. గీతకి బయట రోడ్డు, కాలువ, పలకలు ఇంజనీరింగ్ విభాగం పని. గీత మీద ఏముందో చూడడం ఎవరి పనీ కాదు. అక్కడే మెట్టు లేస్తుంది, అక్కడే ర్యాంపు దిగుతుంది, జనరేటర్ పెట్టేదీ, బైకులు నిలిపేదీ అక్కడే. సెట్‌బ్యాక్ నిజాయితీగా వదిలిన ఒకరిద్దరి కొట్ల ముందు చూడండి. ఆ ఖాళీ నడిచేవాడికి పనికొస్తోందా? చుట్టూ గొలుసు కట్టి కస్టమర్ల బళ్లకి వాడుతున్నారు. యజమాని ఐదడుగులు పోగొట్టుకున్నాడు, వీధికి ఒక్క అంగుళం కూడా రాలేదు.

దానికి తోడు పెనాల్టీ పథకాలు. 2007 చివర్లో ఒకటి, 2015లో ఒకటి, 2019లో మరొకటి. ఖాళీ వదలకుండా కట్టుకున్నవాళ్లు డబ్బు కట్టి క్రమబద్ధం చేయించుకున్నారు. వదిలినవాడిని చూసి ఇరుగుపొరుగు జాలిపడే పరిస్థితి తెచ్చారు. ఇది తప్పు, చాలా పెద్ద తప్పు. ఇంకో పథకం రాకపోతుందా అనే ధీమా మీద ఇవాళ కూడా పునాదులు ముందుకి జరుగుతున్నాయి.

కాబట్టి సెట్‌బ్యాక్ ఉండాలా వద్దా అని కాకుండా, నేను వేరే ప్రశ్న నుంచి మొదలుపెట్టమంటున్నాను. తారు అంచు నుంచి కొట్టు గోడ దాకా ఒకే ఎత్తులో, ఏ అడ్డూ లేకుండా రెండున్నర మీటర్లు నడవడానికి దొరుకుతుందా? ముందు అది కొలవాలి. ప్రభుత్వ స్థలంలోనే అంత దొరికిన చోట, చిన్న కొట్ల యజమానుల్ని ఇంకా వెనక్కి వెళ్లమనక్కర్లేదు. దొరకని చోట, ఎంత తక్కువైతే అంతే మా స్థలంలోంచి తీసుకోవాలి. తీసుకున్నది మాత్రం కాలిబాటతో సమానమైన ఎత్తులో కలిసిపోవాలి. మెట్లు, ర్యాంపు షట్టరుకి లోపలి వైపే ఉండాలి. ప్లాను అప్రూవల్ కోసం ఇచ్చే డ్రాయింగులో ఎదురుగా ఉన్న కాలిబాట ఎత్తు, వెడల్పు కూడా చూపించమనండి. ఇప్పుడు ఆ కాగితంలో వీధి అంటే రెండు గీతలూ, మధ్యలో ఒక అంకె.

ఆ ఆరు గజాలకి పరిహారం కూడా నేల మీదే వెతుక్కోనక్కర్లేదు. ఇప్పుడు సెట్‌బ్యాక్ అంటే కింది నుంచి ఆకాశం దాకా ఖాళీ. పాత బజారు వరకు దీన్ని మార్చి, కింద మాత్రం స్తంభాలతో వసారాలాగ వదిలి, పై అంతస్తు స్థలం అంచు దాకా కట్టుకోనివ్వండి. ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో జనం స్తంభాల నీడనే నడుస్తూ కొట్లు చూసుకుంటారు. మనకీ కొత్తేమీ కాదు. పాత ఇళ్లకి వీధరుగు ఉండేది, పైన చూరు ఉండేది. అరుగు ఇంటివాళ్లదే, అయినా ఎండకి వానకి దారిన పోయేవాళ్లు కాసేపు ఆగేవారు, ఎవరూ లేవమనేవారు కాదు. మే నెల మధ్యాహ్నం మా బజారులో మనిషి కనపడడు. నీడ ఉంటే వస్తారు. వ్యాపారిగా చెబుతున్నాను, బండి మీద దూసుకుపోయేవాడు నా గిన్నెలు చూడడు, నడిచేవాడే ఆగి చూస్తాడు. రోడ్డు విస్తరణలో జాగా ఇచ్చినవాళ్లకి టీడీఆర్ బాండ్లు, అంటే ఇచ్చిన జాగాకి బదులు అదనంగా కట్టుకోవడానికో, ఆ హక్కు ఇంకొకరికి అమ్ముకోవడానికో పనికొచ్చే కాగితాలు, ఇచ్చే పద్ధతి ఉంది. పెద్ద స్థలాలవాళ్లకి అది పనికొస్తుందేమో గానీ, నాలాగ నలభై ఆరు గజాల స్థలం ఉన్నవాడు ఆ కాగితం పట్టుకుని ఎవరి చుట్టూ తిరుగుతాడు?

కాలిబాట ఖాళీ చేయండి అనగానే ముందు పూల బుట్టలు, అరటిపళ్ల తోపుడు బళ్లు లాగేస్తారు. దానికి నేను ఒప్పుకోను. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లకి హక్కు ఇచ్చింది, వాళ్ల ప్రతినిధులు ఉండే పట్టణ వెండింగ్ కమిటీతో చర్చించాలంది. రెండున్నర మీటర్లూ వదిలాక రోడ్డు అంచున మిగిలే పట్టీలో, చెట్టు, దీపస్తంభం పక్కన వాళ్లకి గుర్తు వేసి చోటు ఇవ్వొచ్చు. షట్టరు ఉన్న మేము ఆక్రమించిన దానితో పోలిస్తే వాళ్ల బుట్ట ఎంత?

ఇదంతా అత్యాశ అనుకునేవాళ్లకి ఒక సంగతి. అడ్డంకులు లేని కాలిబాట పాదచారుల హక్కు, అది రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగం అని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే. 1713లో కోట కట్టిన ఊరు మనది. ఈ వీధులు కార్ల కోసం పుట్టినవి కావు.

పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం రోజు గుర్తు చేసుకోండి. పూజారి కూర్చునే ఆ పొడవాటి మాను అమ్మవారి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆ మంగళవారం లక్షల మంది పిల్లాపాపలతో అదే రోడ్డు మీద నిలబడతారు, మనమే దగ్గరుండి దారి చేస్తాం. బుధవారం పొద్దున్నకి మళ్లీ మా సామాన్లు బయటికి వస్తాయి. అది చేసేది పై ఊరివాళ్లు కాదు, మేమే.

నగరపాలక సంస్థ వారిని కోరేది ఒక్కటే. ముందు ఒక్క దారి తీసుకోండి, గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల జంక్షన్ దాకా. టౌన్ ప్లానింగ్ వాళ్లూ, ఇంజనీరింగ్ వాళ్లూ ఒకే రోజు కలిసి రండి. రెండు పక్కలా ప్రతి కొట్టు ముందూ కొలిచి, రెండున్నర మీటర్ల గీత ఎక్కడ పడుతుందో సున్నంతో గీయండి, ఆ కొలతల పట్టిక వార్డు సచివాలయాల్లో అతికించండి. అది చేశాక సెట్‌బ్యాక్ ఎంత ఉండాలో మాట్లాడడానికి వ్యాపారులందరం వస్తాం. బిందెలు నేను అప్పుడే లోపలికి సర్దేశాను. గీత నా మెట్ల మీదుగా పడితే, వాటిని నా ఖర్చుతో నేనే కొట్టించుకుంటాను.

ఇట్లు,
గంటస్తంభం దగ్గర ఒక చిన్న వ్యాపారి,
విజయనగరం