మూడో తరగతి తేలినీలాపురం ట్రిప్

అమ్మానాన్నలందరికీ వందనాలండి 🙏

ఈ శనివారం పిల్లల్ని టెక్కలి దగ్గర తేలినీలాపురం పక్షుల కేంద్రానికి తీసుకెళ్తున్నాం. ఉదయం 7కి స్కూల్ గేటు దగ్గర ప్రార్థన, 7:15కి బస్సు కదులుతుంది. పోయినసారిలా ముప్పావుగంట ఆగలేమండి!

చింతచెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు ఉంటాయి. గూడబాతు ముక్కు కింద వేలాడే సంచి చూస్తే పిల్లలు ఊరుకోరు, అందుకే అక్కడ కేకలు వేయొద్దని ఇంట్లో ఒకసారి చెప్పి పంపండి. బైబిల్లోని ఆకాశపక్షుల వచనం కంఠతా వస్తే బస్సులో చెప్పిస్తాం.

యూనిఫాం, టోపీ, నీళ్ల సీసా, పులిహోర డబ్బా చాలు. చిప్స్ ప్యాకెట్లు వద్దు.

బస్సులో వాంతులయ్యే పిల్లలుంటే నాకు విడిగా మెసేజ్ పెట్టండి, ముందు సీటు ఇస్తాం.

సంతకం చేసిన అనుమతి చీటీ గురువారంలోగా డైరీలో పెట్టండి. ఇంకా 9 మందివి రాలేదు.

– క్లాస్ టీచర్