ఎండలో చూపించాకే కారు చేతికిస్తాం

మన షాపుకి వచ్చే అన్నలకు, అక్కలకు, సార్లకు నమస్కారం.

సంక్రాంతి దగ్గరపడుతోంది కదా, "కారుకి పాలిష్ కొట్టించాలి, సాయంత్రానికి ఇచ్చేస్తావా?" అని ఫోన్లు మొదలయ్యాయి. ఒక చేత్తో మెషిన్, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని చెప్తే సగం చెప్పి సగం మింగేస్తున్నా. అందుకే అంతా ఒకేసారి ఇక్కడ రాస్తున్నా. పాలిష్ రేటు పెంచాం. గీతలు ఎక్కువున్న కారైతే రెండు రోజులు మా దగ్గరే ఉంచుకుంటాం. కొన్ని కార్లకి అసలు మెషిన్ పెట్టం అని మొహం మీదే చెప్తాం. ఎందుకో చదివాక కూడా కోపం వస్తే షాపుకొచ్చి తిట్టండి, టీ తెప్పిస్తా.

ముందు ఆ గీతల సంగతి. మీది నల్ల కారో ముదురు నీలమో అయితే రాత్రిపూట బానెట్ మీదకి సెల్‌ఫోన్ టార్చి కొట్టి చూడండి. వెలుగు చుట్టూ గుండ్రంగా సన్నటి గీతలు కనపడతాయి. టార్చి పక్కకి జరపండి, ఆ గుండ్రాలూ దాంతోపాటే జరుగుతాయి. అంటే కారు మీద నిజంగా గుండ్రటి గీతలేం లేవన్నమాట. ఉన్నవన్నీ అడ్డదిడ్డంగా అన్ని వైపులా పడిన గీతలు. వాటిలో వెలుగుకి అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి, మిగతావి కంటికి ఆనవు. అందుకే దీపం ఎక్కడుంటే అక్కడ చక్రం కట్టినట్టుంటుంది. వీటినే స్వర్ల్ మార్కులంటారు. తెల్ల కారుకీ ఉంటాయి. కనపడవు కాబట్టి వాళ్ళు హాయిగా నిద్రపోతారు.

ఇవి ఎవరో కావాలని గీసినవి కావు. మన తుడుపుడే. చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపు ఒక్కసారి వెళ్ళొస్తే చాలు, కారు మీద రాతిపొడి పేరుకుంటుంది. కొత్తపట్నం బీచికి వెళ్తే ఇసుక. దాని మీద నీళ్ళు పోయకుండా పొద్దున్నే డస్టర్ వేసి బరబరా తుడిస్తే ఆ రేణువులే గీతలు గీస్తాయి. అపార్టుమెంట్లలో అయితే ఒకే బకెట్టు, ఒకే గుడ్డ, పది కార్లు. మొదటి కారు టైర్ల దగ్గరి మట్టి ఆఖరి కారు బానెట్ మీదకి చేరుతుంది. కడిగే అబ్బాయిని అని లాభం లేదు, నెలకి మనం ఇచ్చేదెంత? ముందు నీళ్ళు పోసి దుమ్ము జారిపోయాకే గుడ్డ పెట్టమని చెప్పండి. అంత నీళ్ళు లేని రోజున అద్దాలు మాత్రం తుడిచి వదిలేయమనండి.

రెండో రకం బఫింగ్ గుర్తులు. ఇవి మాత్రం కస్టమర్ పుణ్యం కాదు, మా వృత్తివాళ్ళదే. గుద్దుకున్న డోరుకి పెయింట్ వేశాక పైన దుమ్ము నలుసులు అంటుకుంటాయి. వాటిని 2000 నంబరు వాటర్ పేపర్‌తో, అంటే తడిపి రుద్దే సన్న గరుకు కాగితంతో రుద్ది, గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ మెషిన్‌కి ఉన్ని ప్యాడ్ బిగించి కాంపౌండుతో, అంటే అరగదీసే గరుకు పేస్టుతో కొడతారు. అందులో తప్పేం లేదు, ఆ పని చేయాల్సిందే. అక్కడితో ఆపేయడమే తప్పు. ఉన్ని ప్యాడ్ నడిచిన దారంతా ఒకే వరసలో సన్నగీతలు మిగిలిపోతాయి. కారుని ఎండలో పెట్టి చుట్టూ నడిస్తే వంపులు తిరిగిన తెల్లటి చారలు మనతోపాటు కదులుతుంటాయి. హోలోగ్రామ్ అని మేం అనేది వీటినే.

షెడ్డులో ట్యూబ్‌లైటు కింద ఇవి కనపడవు. పైగా కాంపౌండులో ఉన్న నూనె ఆ గీతల్లో నిండిపోయి ఉంటుంది కాబట్టి డెలివరీ రోజున కారు ధగధగలాడుతుంది. రెండు మూడు వాష్‌లకి నూనె పోతుంది, చారలు బయటపడతాయి. మొన్నామధ్య ఒక సార్ బూడిద రంగు బండి తెచ్చి, "ఇన్సూరెన్స్‌లో రెండు డోర్లకి పెయింట్ వేయించా, అప్పుడు బానే ఉన్నాయే, ఇప్పుడు ఒకటి ఇలా ఎందుకైంది?" అన్నారు. రెండో డోరు ఇంకా మెరుస్తూనే ఉంది. దాని మీద అరచెయ్యంత మేర, నూనెని లాగేసే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్ళు కొట్టి మెత్తటి గుడ్డతో తుడిచాను. తుడిచినంత మేర చారలు పైకి తేలాయి, పక్కనంతా నున్నగా ఉంది. సార్ ఇంకేం అడగలేదు. "ఎంతవుద్ది?" అన్నారు.

ఇక అసలు విషయానికొస్తా. కారు రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికంటే పైన రంగులేని క్లియర్ కోటు ఉంటాయి. మెరుపంతా ఆ పై పొరదే. కంపెనీ పెయింట్ పొరలన్నీ కలిపినా మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు, కొన్ని బండ్లకి ఇంకా తక్కువ. అందులో క్లియర్ కోటు వాటా 40, 50 మైక్రాన్లు ఉంటుంది. 1000 మైక్రాన్లు కలిస్తే ఒక మిల్లీమీటరు, మీరే లెక్కేసుకోండి. పాలిష్ అంటే గీతని పూడ్చడం కాదు. గీత ఎంత లోతుందో అంత లోతుదాకా చుట్టూ ఉన్న క్లియర్ కోటుని అరగదీయడం. గట్టి కాంపౌండుతో ఒక రౌండు వేస్తే రెండు మూడు మైక్రాన్లు పోతాయి. పోయింది మళ్ళీ రాదు. ఎండలోని అల్ట్రావయొలెట్‌ని అడ్డుకునేది కూడా ఆ పొరే. అది బాగా పల్చబడితే కొన్నాళ్ళకి రూఫ్ మీద, బానెట్ మీద పొలుసులు లేస్తాయి. అప్పుడిక పెయింటింగే దారి.

చీమకుర్తి నుంచి వచ్చేవాళ్ళకి ఈ పని సగం తెలుసు. గెలాక్సీ గ్రానైట్ పలకకి ముతక రాయితో మొదలుపెట్టి సన్నవి, ఇంకా సన్నవి మార్చుకుంటూ పోతేనే నీడ కనపడేంత పాలిష్ వస్తుంది. మధ్యలో ఒక నంబరు ఎగ్గొడితే వెనకటి గీతలు ఉండిపోతాయి. కారుకీ అంతే. తేడా ఏమిటంటే, పలక ఎంత అరిగినా కింద ఉండేది రాయే. కారు అరిగితే కింద రంగు, ప్రైమర్, ఆ తర్వాత రేకు.

అందుకని పెయింట్ మందం కొలిచే మీటరు తెచ్చాం. ఇకనుంచి ప్రతి కారుకీ బానెట్, రూఫ్, డోర్లు అన్నీ కొలిచి రీడింగులు జాబ్‌కార్డు మీద రాస్తాం. మీటరు చూపించేది మొత్తం మందమే, క్లియర్ కోటు విడిగా ఎంతో అది చెప్పదు. అయినా దాంతో చాలా తెలుస్తుంది. మిగతా కారంతా 110 మైక్రాన్లు ఉండి ఒక డోరు 250 చూపిస్తే అది మళ్ళీ పెయింట్ పడిన డోరు. 1000 దగ్గర చూపిస్తే లోపల సొట్టలు పూడ్చిన పుట్టీ ఉంది. సెకండ్‌హ్యాండ్ కారు "ఒరిజినల్ పెయింట్" అని కొన్నవాళ్ళు మా షాపులో ఒకరిద్దరు మొహం మాడ్చుకున్నారు కూడా. అమ్మినాయనతో మీ గొడవలోకి నన్ను లాగొద్దు, నేను రీడింగు చదివానంతే.

కొలిచాక బానెట్ మీద ఒక మూల టేపు కట్టి, ముందు మెత్తటి ప్యాడ్, సన్న పాలిష్‌తో ప్రయత్నిస్తాం. దాంతో పోతే అంతకంటే గట్టిది వాడం. పోకపోతేనే ఒక మెట్టు పైకి. కాంపౌండు వాడినా చివర్న డీఏ మెషిన్‌తో ఫినిషింగ్ ప్యాడ్ నడపందే కారు షెడ్డు దాటదు. డీఏ అంటే ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగే మెషిన్. గీతలు ఒకే వరసలో పడనివ్వదు, వేడీ తక్కువ. పని నిదానం, అది నిజమే. టైమంతా అక్కడే పోతుంది, రేటు పెరిగిందీ అందుకే.

అన్ని గీతలూ పోవు. ఇది ఇప్పుడే చెప్తున్నా. గోరు పెట్టి అడ్డంగా లాగితే తట్టుకునే గీత మా మెషిన్‌కి లొంగదు. దాన్ని పూర్తిగా తీయాలంటే క్లియర్ కోటు మొత్తం తీయాలి. దాని అంచులు మెత్తబడేలా చేస్తాం, దూరం నుంచి కంట్లో పడదు, దగ్గరకొస్తే కనపడుతుంది. "డబ్బులు ఎక్కువిస్తా, మొత్తం తీసెయ్" అంటారు కొందరు. నేను మొహమాటపడను, తీయను. అలాగే 80 మైక్రాన్ల కిందికి పడిపోయిన ప్యానెళ్ళ మీద, డోరు అంచుల మీద, బాడీ లైన్ల మీద కాంపౌండు కొట్టం, అక్కడ పెయింట్ పల్చగా ఉంటుంది. బంపర్ ప్లాస్టిక్. మా మీటరు దాన్ని కొలవలేదు, వేడి కూడా రేకులా చెదరదు, ఒకేచోట నిలిచిపోతుంది. అందుకే బంపర్లకి సన్న పాలిష్ మాత్రమే.

ఎవరి దగ్గరైనా క్లియర్ కోటు లేని పాత అంబాసిడర్ లాంటి బండి ఉంటే తీసుకురండి. వాటికి మెషిన్ పెడితే బండి రంగే ప్యాడ్‌కి అంటుకుంటుంది. ఓనర్లు అది చూసి హడలిపోతారు, టెన్షన్ పడాల్సిన పన్లేదు. ఆ పనంటే నాకు ఇష్టం, తీరిక చూసుకుని చేస్తా.

సిరామిక్ కోటింగ్, అంటే పెయింట్ మీద పూస్తే గట్టిపడే సన్నటి పొర, దాని గురించి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. కోటింగ్ వేస్తే నీళ్ళు జారిపోతాయి, కడగడం తేలిక, పెయింట్‌కి కొంత కాపు. కానీ గీతలు పడవని ఎవరైనా అంటే నమ్మకండి. డబ్బా మీద రాసే 9హెచ్ అనేది పెన్సిల్ గట్టిదనం కొలత. రాతిపొడికి, ఇసుకకి అదో లెక్క కాదు. గీతలు తీయకుండా కోటింగ్ వేస్తే ఆ గీతలకే మెరుపు వేసినట్టు. మీటరు, పాలిష్ అయ్యాకే కోటింగ్ మాట. ఒక్క కోటింగే కావాలంటే క్షమించండి, వేరే చోట చూసుకోండి.

కొత్త కారు కొనేవాళ్ళకి ఒక్క మాట. డెలివరీకి ముందు షోరూమ్‌లో కడిగి, మెరుపు కోసం పాలిష్ కొట్టి ఇస్తుంటారు. కొన్ని చోట్ల స్వర్ల్స్ అక్కడే మొదలవుతాయి. "కడగొద్దు, పాలిష్ వద్దు, వచ్చింది వచ్చినట్టు ఇవ్వండి" అని బుకింగప్పుడే చెప్పి పెట్టండి. పూజ చేయించాక బానెట్ మీది పసుపు, గంధం, కుంకుమ ఎండిపోయాక గోకొద్దు. ఇంటికి రాగానే ధారగా నీళ్ళు పోసి, నానాక చేత్తో జారవిడవండి. లేత రంగు కార్ల మీద కుంకుమ రోజంతా ఉంటే మరక పడుతుంది. పూజ అయ్యాక సింగరకొండ గుడి నుంచి నేరుగా మా షాపుకొచ్చినా సరే, కడిగిపెడతాం. దానికి డబ్బులు తీసుకోం.

మన బోరు నీళ్ళ గురించి కూడా చెప్పాలి. కడిగి ఎండలో వదిలేస్తే నీళ్ళు ఆరి ఉప్పు, సున్నం తెల్లటి చుక్కలుగా మిగులుతాయి. ఎక్కువకాలం వదిలేస్తే క్లియర్ కోటుని తింటాయి, అప్పుడు వాటికీ పాలిషే కావాలి. నీడలో కడిగి వెంటనే తడి ఒత్తించండి.

రేట్లు: గీతలు తక్కువగా ఉండి ఒకే దశలో పోయేవైతే చిన్న కార్లకి 4,500, సెడాన్లకి 5,500, పెద్ద బండ్లకి 7,000. రెండు దశలు కావాలంటే టెస్టు చూపించాకే రేటు మాట్లాడుకుందాం, ఫోన్లో చెప్పలేను. వేరేచోట ఇందులో సగానికే చేస్తారని తెలుసు. అక్కడ చేయించుకునేవాళ్ళు కారు తీసుకునేముందు ఎండలోకి తెచ్చి, ఆల్కహాల్‌తో ఒకచోట తుడిపించి చూసుకోండి. మా దగ్గరా అదే చేస్తాం. అందుకే చీకటి పడ్డాక పాలిష్ కార్లు డెలివరీ ఇవ్వం. సాయంత్రం నాలుగున్నర లోపు రాలేకపోతే మర్నాడు పొద్దున రండి.

పండక్కి ముందు వారమంతా రోజుకి రెండు కార్లే ఒప్పుకుంటాం. భోగి నుంచి కనుమ దాకా కుర్రాళ్ళు వాళ్ళ ఊళ్ళకి వెళ్తారు, షాపు మూసేస్తాం. హైదరాబాద్, బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళు ముక్కనుమ తర్వాత బుక్ చేసుకోండి, తిరుగు ప్రయాణానికి ముందు పని అయిపోతుంది. కర్నూలు రోడ్డులో షాపు అదే, నంబరూ అదే. కారు దుమ్ముతోనే తీసుకురండి. బాగోదనిపించి బయల్దేరేముందు గుడ్డేసి తుడవొద్దు.