సైకిల్ చైన్‌కి కొబ్బరినూనె పెట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

చలికాలం మొదలైన దగ్గర్నుంచి మీ పేపర్లో పెదాలు పగలకుండా ఏం రాసుకోవాలి, పొద్దున్నే బండి స్టార్ట్ కాకపోతే ఏం చేయాలి అని వరసగా వేస్తున్నారు. మంచిదే. సైకిల్ గురించి మాత్రం ఒక్క ముక్క రాలేదు. పటమటలో మా వీధికి మీ పేపర్ వచ్చేది సైకిల్ మీదే, ఆ అబ్బాయి వస్తున్నాడని నాకు గేటు చప్పుడు కంటే ముందే తెలుస్తోంది, చైన్ అంతగా కీచుమంటోంది. ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లు లేత్ మిషన్ మీద పనిచేశాను. ఇప్పుడు తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి దాకా సైకిల్ తొక్కి వస్తుంటాను. ఆ అనుభవంతో రాస్తున్నాను.

వానలు వెనకబట్టాయి కదా, ఇంక తుప్పు భయం లేదనుకుంటాం. కానీ రాత్రి ఆరుబయట ఉన్న ఇనుము చుట్టూ ఉన్న గాలి కంటే ఎక్కువ చల్లబడుతుంది, అప్పుడు గాలిలో తేమ దాని మీదే నీళ్లయి దిగుతుంది. తెల్లారి సీటు మీద చెయ్యి వేస్తే తడి తగులుతుంది చూడండి, ఆ తడే చైన్ లింకుల సందుల్లోనూ, వెనక చక్రానికుండే ఫ్రీవీల్ పళ్ల మధ్యా, బోల్టు మరల్లోనూ ఉంటుంది. ఎండెక్కితే సీటు ఆరిపోతుంది, సందులు అంత త్వరగా ఆరవు. కృష్ణ ఒడ్డున, కాలవల పక్కన ఉండేవాళ్లకి ఈ బాధ ఇంకా ఎక్కువ.

చైన్ కీచుమనగానే చాలా ఇళ్లలో చేతికి అందేది కొబ్బరినూనె సీసా. దయచేసి అది వద్దు. 24 డిగ్రీల దగ్గరే అది గడ్డకట్టడం మొదలవుతుంది, డిసెంబర్‌లో సీసాని వేణ్ణీళ్లలో పెట్టి కరిగించుకునేది అందుకే కదా, చైన్‌లో కూడా అలాగే పేరుకుని దుమ్మంతా లాక్కుంటుంది. వంటనూనె పోస్తే కొన్నాళ్లకి జిగురైపోతుంది. మెకానిక్ దగ్గర ఊరికే వస్తుందని పాత ఇంజన్ ఆయిల్ పూసేవాళ్లూ ఉన్నారు, అందులో మసీ, ఇంజన్‌లో అరిగిన ఇనుప పొడీ ఉంటాయి. కుట్టుమిషన్ నూనె చాలు. ముందు చైన్‌ని కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడిచి బాగా ఆరనివ్వాలి, ఆ నూనె టైరుకి తగలకూడదు. తర్వాత పెడల్ వెనక్కి తిప్పుకుంటూ ఒక్కో లింకుకి ఒక్కో చుక్క. కాసేపు ఆగి, పైకి కనిపించే నూనెనంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. ఈ చివరి పని చాలామంది చేయరు, చైన్ తళతళలాడితే బాగుందనుకుంటారు. నూనె కావాల్సింది లింకు లోపల. బయట మిగిలిన నూనెకి దుమ్ము కలిస్తే మా షాపులో వాల్వులు అరగదీయడానికి వాడే గ్రైండింగ్ పేస్ట్ లాంటిదే తయారవుతుంది, అది పళ్లని తినేస్తుంది. కుట్టుమిషన్ నూనె పల్చన కాబట్టి వారానికోసారి మళ్లీ వేసుకోవాలి. రిమ్ముకీ, డిస్క్ ఉంటే డిస్క్‌కీ మాత్రం ఒక్క చుక్క కూడా తగలనివ్వొద్దు, బ్రేక్ సరిగా పట్టదు.

మంచు గడ్డకట్టే దేశాల్లో అది కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పునీళ్లు ఇనుముని త్వరగా కొరికేస్తాయి కాబట్టి అక్కడివాళ్లు తొక్కి రాగానే సైకిల్ కడుక్కోమంటారు. ఆ వీడియోలు చూసి మన పిల్లలు రోజూ పైపు పట్టుకుంటున్నారు. బందరు వెళ్లి మంగినపూడి బీచ్‌లో తిప్పుకొస్తే కడగాల్సిందే, మిగతా రోజుల్లో తొక్కి రాగానే రెండు నిమిషాలు పొడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. కోతల రోజుల్లో పల్లెల వైపు వెళ్తే హబ్బు దగ్గర గడ్డిపోచలు చుట్టుకుంటాయి, తడిని పట్టుకుని అక్కడే ఉంటాయి, వాటిని లాగేయండి.

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, ఆ వానలకి నా సైకిల్ నిండా బురదైతే మోటార్‌సైకిళ్లు కడిగే ఒక వాటర్ సర్వీసింగ్‌లో ఇచ్చాను. అక్కడి కుర్రాడు నీళ్లు జోరుగా కొట్టే గన్ను తెచ్చి పెడల్ ఇరుసు దగ్గరా, చక్రాల మధ్యా దగ్గరగా పెట్టి కొట్టాడు. మెరిసిపోతూ ఇంటికొచ్చింది. సంక్రాంతికల్లా పెడల్ తొక్కుతుంటే గరగరమంటోంది, విప్పి చూస్తే గ్రీజు కొట్టుకుపోయి బేరింగ్ గోళీలు ఎర్రగా తుప్పుపట్టి ఉన్నాయి, కొత్తవి వేయాల్సి వచ్చింది. బురద పడితే మగ్గుతో నీళ్లు పోసి బ్రష్‌తో రుద్దండి. ఆ గన్ను మాత్రం సైకిల్ దగ్గరికి రానివ్వకండి.

అన్నిటికంటే ముఖ్యం రాత్రి సైకిల్ ఎక్కడ ఉంటుందన్నది. ప్లాస్టిక్ కవర్ చుట్టేస్తే తడి లోపలే ఉండిపోతుంది, నీడ పట్టున పెట్టి పాత దుప్పటి కప్పడం మేలు. బడుల్లో, హాస్టళ్లలో పిల్లల సైకిళ్లు చెట్ల కింద మంచుకి తడుస్తున్నాయి, అక్కడ రేకుల షెడ్డు వేయించమని మీ పేపర్ ద్వారా అధికారుల్ని అడుగుతున్నాను. అపార్ట్‌మెంట్ల వాళ్లకీ ఒక మాట. సెల్లార్లో కార్లకి గీతలు గీసి చోటిస్తాం, వాచ్‌మన్ సైకిల్, పనికి వచ్చే అమ్మాయి సైకిల్ గేటు బయట ఉంటాయి. వాటి మీదే కదా వాళ్ల బతుకు నడిచేది. మా బిల్డింగ్‌లో మెట్ల కింద పాత సామాను తీసేస్తే మూడు సైకిళ్లు పట్టాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పటమట, విజయవాడ