పదో భాగం చివరి పాట మాకు కావాలి

కస్టమర్ కేర్ విభాగం అధికారి గారికి,

విషయం: 'మదోకా మాజికా' అనే యానిమే (జపాన్ బొమ్మల సిరీస్) 10వ భాగం చివర వచ్చే పాటను మీ యాప్ కోసేయడం గురించి.

నమస్కారం.

రెండేళ్లుగా మీకు ఏడాది చందా కడుతున్నాను. ఈ గోడు ఇప్పటికి మూడుసార్లు చాట్‌లో చెప్పుకున్నాను. మూడుసార్లూ ఒకటే జవాబు: ఇంటర్నెట్ స్పీడు చూసుకోండి, యాప్ తీసేసి మళ్లీ వేసుకోండి. నా ఇంటర్నెట్‌కి ఏ రోగమూ లేదు. అందుకే ఈసారి తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను. దయచేసి మనిషెవరైనా చదవండి.

మా చెల్లెలు ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. యానిమే అంటే "పిల్లల బొమ్మలు" అని తీసిపారేసేది. కథ సంగతి తర్వాత, ముందు సంగీతం విను అని బతిమాలి కూర్చోబెట్టాను. మొత్తం 12 భాగాలు. భోజనాలయ్యాక రోజుకొకటి చొప్పున మొదలుపెట్టాం. మూడో రోజు నుంచి రిమోట్ తన చేతుల్లోకి వెళ్లిపోయింది.

ఆ సంగీతం గురించి నాలుగు మాటలు చెప్పకపోతే నా బాధ మీకు అర్థం కాదు. 2011లో షాఫ్ట్ స్టూడియో తీసిన సిరీస్ ఇది. చూడ్డానికి గులాబీ రంగు గౌన్లు, మంత్రశక్తులు, ముద్దొచ్చే మొహాలు. యుకి కజియురా ఇచ్చిన సంగీతం మాత్రం మొదటి భాగం నుంచే ఇక్కడేదో తేడాగా ఉందని చెబుతూనే ఉంటుంది. బొమ్మ నవ్వుతుంటే వెనకాల కోరస్ గుడిలో పాడినంత గంభీరంగా సాగుతుంది. సయాకా అనే అమ్మాయి ఇష్టపడ్డ కుర్రాడు వయొలిన్ వాయిద్యకారుడు, ప్రమాదంలో చేయి దెబ్బతిని వాయించలేకపోయినవాడు. ఆ పిల్ల కథ చీకట్లోకి జారేకొద్దీ వయొలిన్ ఆమెను వదలదు. "ఈ పిల్ల కనిపిస్తే చాలు, వయొలిన్ ఎందుకలా ఏడుస్తోందన్నయ్యా?" అని చెల్లెలు ఐదో రోజే అడిగింది. నాకైతే రెండోసారి చూస్తే గానీ తట్టలేదు.

3వ భాగం చివర కలఫీనా బృందం పాడిన 'మాజియా' మొదటిసారి వస్తుంది. ఆ భాగంలో ఏం జరుగుతుందో చూసినవాళ్లకు తెలుసు. గుండె గొంతులో ఉన్న ఆ క్షణంలో మీ యాప్ బొమ్మను మూలకు నెట్టి, ఏదో వంటల కార్యక్రమం పోస్టర్ చూపించి, 5, 4, 3 అని లెక్కపెట్టింది. నేను పరుగున వెళ్లి రిమోట్‌తో ఆపాను. అప్పటికి సర్దుకున్నాం.

10వ భాగం దగ్గర సర్దుకోవడం కుదరలేదు. (ఇంకా చూడనివాళ్లు మీ ఆఫీసులో ఉంటే ఈ పేరా వదిలేయమనండి.) అంతకుముందు భాగాల్లో మొదట్లో వచ్చిన 'కనెక్ట్' పాట, క్లారిస్ పాడినది, ఈ భాగంలో చివరికి వెళ్తుంది. కావాలనే అలా పెట్టారు. ఇన్నాళ్లూ కథానాయిక మదోకా మనసులోని మాట అనుకుని విన్న హుషారు పాట అసలు ఆమె స్నేహితురాలు హోమురాదని, అందులో చెప్పిన మాట ఎవరు ఎవరికి ఇచ్చిందో అప్పుడు తెలుస్తుంది. అదే ట్యూను, అవే మాటలు, కానీ ఈసారి వింటే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. భాగమంతా ఆ ఒకటిన్నర నిమిషం కోసమే కట్టారు.

మీ యాప్‌లో ఆ పాట మీద 'ఓపెనింగ్' (మొదట్లో వచ్చే పాట) అని ముద్ర పడిపోయినట్టుంది. అది మొదలైన వెంటనే దాటేసింది. దాటేస్తే మిగిలేది ఏమీ లేదు కాబట్టి నేరుగా 11వ భాగంలోకి దూకింది. చెల్లెలు నా వైపు చూసి "అయిపోయిందా?" అంది. వెనక్కి తిప్పాను, మళ్లీ దూకింది. ఇంకోసారి తిప్పాను, మళ్లీ అంతే. హరికథలో మంగళం పాడకముందే ఎవరో వచ్చి చాపలు చుట్టేసినట్టయింది మా పరిస్థితి.

జపాన్‌లో దీన్ని మొదట చూసినవాళ్ల సంగతి చెబుతాను. అక్కడ 10వ భాగం వచ్చింది, ఆ వెంటనే 2011 మార్చి 11న పెను భూకంపం. ప్రసారాలు వాయిదా పడ్డాయి. చివరి రెండు భాగాలూ ఏప్రిల్ 21 రాత్రి గానీ రాలేదు. అంటే ఆ పాటతో వాళ్లు దాదాపు ఆరు వారాలు గడిపారు. మేమేమీ ఆరు వారాలు అడగడం లేదు. పాట అయిపోయేదాకా ఆగమంటున్నాం.

స్కిప్ ఆప్షన్ ఆఫ్ చేసుకోవచ్చు కదా అంటారని తెలుసు. చేశాను. ఫోన్‌లో ఆఫ్ అవుతుంది. టీవీలో మర్నాటికి దానంతటదే ఆన్ అయి కూర్చుంటుంది. మీ చాట్ వాళ్లకు స్క్రీన్‌షాట్లు కూడా పంపాను.

పనిలో పనిగా ఇంకో మాట. కోరస్ వచ్చినప్పుడల్లా మీ క్యాప్షన్లలో "భయం గొలిపే లాటిన్ గానం" అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో వేస్తున్నారు. ట్యూన్లకు కజియురా పెట్టిన పేర్లు లాటిన్‌వే, నిజమే. కోరస్‌లో పాడే మాటలు మాత్రం లాటిన్ కాదు, ఏ భాషా కాదు. చెవికి ఇంపుగా ఉండేలా ఆవిడ కల్పించుకున్న శబ్దాలవి. అభిమానులు దాన్ని 'కజియురాగో', అంటే కజియురా భాష, అని పిలుచుకుంటారు. మీ క్యాప్షన్ నమ్మి మా చెల్లెలు ఒక సాయంత్రమంతా లాటిన్ నిఘంటువు ముందేసుకుని కూర్చుంది. అసలు సంగతి చెప్పాక నవ్వి, "తిల్లానాలో ధీం తననకు అర్థం వెతికినట్టుంది నా పని" అంది. "కోరస్" అని ఒక్క ముక్క వేసినా మాకు చాలు.

10వ భాగం చివరి పాటకు ఉన్న ఆ ముద్ర తీసేయించండి. మీ టెక్నికల్ విభాగంలో ఒకరికి అరగంట పని అయి ఉంటుందని నా అంచనా. స్కిప్ ఆఫ్ చేస్తే టీవీలోనూ ఆఫ్‌లోనే ఉండేలా చూడండి. డబ్బు వాపసు అడగడం లేదు. కానీ నెలాఖరుకి నా చందా గడువు తీరుతుంది, ఇది సరికాకపోతే మళ్లీ కట్టను.

11వ భాగం చూద్దామంటే చెల్లెలు ఒప్పుకోవడం లేదు. ముందు ఆ పాట పూర్తిగా వినిపించు, తర్వాతే మిగతాది అంటోంది. పది రోజులుగా మా టీవీ అక్కడే ఆగి ఉంది. జవాబు ఈమెయిల్‌కే పంపండి, చాట్‌లోకి రమ్మనకండి.

ఇట్లు,
మీ చందాదారు,
విజయవాడ