కాప్రి వెళ్ళే ముందు

చి. కిరణ్‌కి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది. తులసి కాన్పుకి వచ్చింది. ఆదివారం నుంచి నీ ఫోను లేదు, చదువులో పడి ఉంటావనుకున్నాం. సూరిబాబు మావయ్య కొడుకు మాత్రం, నువ్వూ నీ స్నేహితులూ ఇటలీలో సోరెంటో ఊళ్ళో పడవ అద్దెకు తీసుకుని కాప్రి దీవి చుట్టూ మీరే నడుపుతారట అని చెప్పి పోయాడు. అది నిజమా అని అడగను. ఊరికే రాస్తున్నాను.

కాప్రి తప్పక చూడు. చుట్టుకొలత పదిహేడు కిలోమీటర్లే అయినా, ఆగుతూ తిరిగితే పొద్దంతా పడుతుంది. దీవి రేవు మరీనా గ్రాండే నుంచి ముందు తూర్పుకి తిప్పాలి. అటు కొండల మీద పొద్దుటి ఎండ ఉంటుంది. పైన రోమన్ చక్రవర్తి టిబేరియస్ భవనం విల్లా జోవిస్, కింద నిలువు కొండ. తెల్ల గుహ, రాతి తోరణం దాటితే సముద్రంలో నిలిచిన ఫరాలియోని రాళ్ళు మూడు. గట్టు పక్కది 109 మీటర్ల ఎత్తు. పడవ దూరే కన్నం నడిమి దానికే ఉంది. అటు నుంచీ ఇటు నుంచీ పడవలు వస్తాయి, ఎదుటివాడు పూర్తిగా బయటపడ్డాకే లోపలికి పోవాలి. ఆపైన చిన్న రేవు మరీనా పిక్కోలా, పచ్చ గుహ, పుంటా కరేనా లైట్‌హౌస్. ఇలా వస్తే నీలి గుహ దగ్గరికి మధ్యాహ్నం పన్నెండు, రెండు మధ్య చేరతారు. రంగు బాగా తేలేది అప్పుడే.

ఆ గుహ వాకిలి ఎత్తు మీటరు. దాని కింద, నీటిలో, ఇంకో పెద్ద కన్నం ఉంది. ఎండ అందులోంచి వస్తుంది, దారిలో ఎరుపుని నీళ్ళు తాగేస్తాయి, నీలం మిగులుతుంది. మీ పడవ లోపలికి పోదు. చిన్న తెడ్ల పడవలోకి మారి వెల్లకిలా పడుకోవాలి, పడవవాడు గొలుసు పట్టి లాగుతాడు. చిల్లర నోట్లు ఉంచుకో. వాయవ్యం నుంచి గాలి లేస్తే గుహ మూసేస్తారు. ఒక్క మాట మాత్రం: మీరంతా ఆ చిన్న పడవ ఎక్కితే మీ పడవ దగ్గర ఎవరుంటారు? మీలో ఒకడు గుహ చూడకుండా మిగలాలి, అదీ ఇంజను తెలిసినవాడు.

1826లో ఆ గుహని లోకానికి చూపింది ఆగస్ట్ కోపిష్ అనే జర్మన్ చిత్రకారుడు, కవి కూడా. తోడు ఎర్నెస్ట్ ఫ్రీస్ అనే ఇంకో చిత్రకారుడు. వాళ్ళు దిగిన సత్రం యజమాని జుసెప్పే పగానో ఆ గుహ సంగతి ఎత్తాడు. లోపల దయ్యాలున్నాయని ఊరంతా హడలి చచ్చేది. వీళ్ళు తొట్టెలో తారు మంట పెట్టుకుని ఈదుతూ లోపలికి పోయారు, పొగకి కళ్ళు మండిపోయాయి. కోపిష్ వెనక్కి తిరిగి చూస్తే నీళ్ళన్నీ నీలం మంటలా వెలుగుతున్నాయట. మొదట బెదిరాడు, తర్వాత ఆనందంతో అరిచాడు. ఇదంతా చెప్పడం ఎందుకంటే, వాళ్ళు కూడా అక్కడి సముద్రం తెలిసిన ఆంజెలో ఫెరారో అనే పడవవాణ్ణి వెంటపెట్టుకుని వెళ్ళారు. ఆ తొట్టెని తోసిందీ అతనే.

ఇటలీలో 40 హార్స్‌పవర్ వరకు పడవకి లైసెన్సు అక్కర్లేదు, పద్దెనిమిదేళ్ళు నిండితే చాలు. చట్టం ఒప్పుకుంటుంది, కెరటం ఒప్పుకోవాలిగా? సోరెంటో వైపు నేల చివర ఉన్న పుంటా కంపనెల్లాకీ కాప్రికీ మధ్య సుమారు అయిదు కిలోమీటర్ల జలసంధి. అక్కడ హైడ్రోఫాయిల్స్ అనే వేగం ఓడలు దూసుకుపోతుంటాయి. ఓడ వెళ్ళిపోయింది కదా అనుకున్నాక దాని కెరటం వస్తుంది. వేగం తగ్గించి, పడవ ముక్కుని కాస్త ఏటవాలుగా దాని మీదికి పెట్టాలి. పక్కన తగలనిస్తే బోల్తా కొట్టొచ్చు. ఎర్ర తాడు మణికట్టుకి కట్టుకోకుండా ఇంజను తాళం తిప్పకూడదు, మనిషి పడితే ఇంజను ఆపేది అదే. ఎవరైనా ఈతకి దిగేటప్పుడు ఇంజను పూర్తిగా ఆపాలి, న్యూట్రల్‌లో పెడితే చాలదు. లంగరు తాడు లోతుకి నాలుగైదింతలు వదలాలి. అయిదు మీటర్ల నీటికి ఇరవై నుంచి పాతిక. కింద తెల్లగా కనిపిస్తే ఇసుక, నల్లగా ఉంటే గడ్డి. గడ్డిలో లంగరు పట్టదు, గడ్డీ పాడవుతుంది. తాడుని ఇంజను ఫ్యాన్‌కి చుట్టుకోనివ్వకు. మధ్యాహ్నం తర్వాత గాలి పెరుగుతుంది, అందుకే తిరుగు దారికి నూనె ఎక్కువ ఖర్చు. ట్యాంకులో మూడో వంతు దాచుకోవాలి. కోస్ట్‌గార్డ్ నంబరు 1530, ఇప్పుడే ఫోనులో వేసుకో. ఉపన్యాసం అయింది కదూ? అమ్మ కూడా అదే అంటోంది.

వాంతుల మాత్ర పడవెక్కాక కాదు, గంట ముందు వేసుకో. నీకు చిన్నప్పటి నుంచీ కడుపు తిప్పుతుంది, వెనక భాగంలో కూర్చో, దూరంగా గట్టుని చూడు. ఖాళీ కడుపుతో మాత్రం పోకు, రొట్టె తిను. టోపీకి తాడుండాలి. ముక్కు కాలుతుంది, క్రీము రాసుకో.

నీ ఖాతాలో కొంత డబ్బు వేశాను. పడవతో పాటు నడిపేవాణ్ణి కూడా ఇవ్వమంటే ఇస్తారు. ఆ డబ్బు అతనికి, బూట్లకి కాదు. మాట్లాడుకున్నాక అతని పేరు రాసి పంపు, అమ్మ అడుగుతోంది.

మీ నాన్న