పూసల కిల్న్ కొనేముందు

అందరికీ నమస్తే. ఇంట్లో గాజుపూసలకి చవకలో ఏ కిల్న్ (కరెంటు కొలిమి) మంచిదని చాలామంది అడుగుతున్నారు. గాజును కరిగించేది టార్చ్, అంటే గ్యాస్ మంట. కిల్న్ పని పూసను మెల్లగా చల్లార్చడం. 104 సీఓఈ (వేడికి గాజు ఎంత వ్యాకోచిస్తుందో చెప్పే అంకె) మెత్త గాజుకి 510–520 డిగ్రీల సెల్సియస్, గట్టి గాజైన బోరోసిలికేట్‌కి 565 దగ్గర చాలు. 1300 డిగ్రీల కుండల కిల్న్‌కి డబ్బు పోయకండి.

ఖర్చు పెట్టాల్సింది కంట్రోలర్ మీద. ర్యాంప్-సోక్ (చెప్పిన వేగంతో వేడి మార్చి, చెప్పినంతసేపు నిలిపే సదుపాయం) ఉన్న పీఐడీ కంట్రోలర్, వేడిని కొలిచే కే టైప్ థర్మోకపుల్, హీట్‌సింక్‌తో ఎస్‌ఎస్‌ఆర్ (కాయిల్‌కి కరెంటు వేసి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్) కావాలి. విడిగా కొనేవాళ్లు ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాల్లో అడగండి. మామూలు థర్మోస్టాట్ వద్దు: చల్లారే వేగం మన చేతిలో ఉండదు, బాగానే ఉందనుకున్న పూస కొన్నాళ్లకి రంధ్రం దగ్గర చీలుతుంది. మెత్త గాజైతే 510లో గంట ఉంచి, 370 దాకా గంటకి 60 చొప్పున దించి ఆపేయండి. పూర్తిగా చల్లారాకే తలుపు తీయండి.

గోడలు ఇన్సులేటింగ్ ఇటుకవైతే మేలు. సిరామిక్ ఫైబర్ గోడలది త్వరగా వేడెక్కుతుంది కానీ, కరెంటు పోతే అంతే త్వరగా చల్లారుతుంది. 1500 వాట్లకి దాదాపు 6.5 ఆంపియర్లు, 16 ఆంపియర్ల సాకెట్, ఎర్తింగ్ తప్పనిసరి.

అన్నిటికన్నా ముఖ్యం, తలుపు తీయగానే కాయిల్‌కి కరెంటు ఆపే స్విచ్ ఉందో లేదో చూడండి. స్టీలు మాండ్రెల్ (పూసను చుట్టే కడ్డీ) కాయిల్‌కి తగిలితే షాక్ కొడుతుంది. ఇది లేని కిల్న్ ఎంత చవకైనా వద్దు.