కాటికాపరికి జీతం ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

పల్లె ప్రగతి పథకం కింద తెలంగాణలో ఊరూరా వైకుంఠధామాలు, అంటే శ్మశానవాటికలు కట్టారు. దహన దిమ్మెలు, స్నానపు గదులు, ప్రహరీలు వచ్చాయి, సంతోషం. తాతల నాటి నుంచి ఆ ఊరి కాష్టం పేరుస్తున్న కాటికాపరి కుటుంబాన్ని కూడా ఒకమాట అడిగి కట్టాల్సింది. నున్నటి కాంక్రీటు మీద చితి వద్దని ముందే చెప్పేవారు. కింద గాలి ఆడక అడుగు కట్టెలు బొగ్గై మిగులుతాయి, వేడికి కాంక్రీటు పెచ్చులూడుతుంది. అగ్ని ఇటుక పరిచి, దానిపై అడుగెత్తున ఇనుప జాలీ వేయాలి. జాలీ ఉంటే కట్టె కూడా సగానికి సగం ఆదా.

నేల మీది చితికి మూడు నాలుగు క్వింటాళ్ల కట్టె పడుతుంది. రెండు లావు దుంగలు అడ్డంగా వేసి, వాటిపై కట్టెలు నిలువుగా, మధ్య నాలుగు వేళ్ల సందు వదిలి పేరుస్తారు. మొండెం అన్నిటికన్నా ఆలస్యంగా కాలుతుంది కనుక ఛాతీ మీద, నడుము మీద బరువైన దుంగలుండాలి. వేడికి కండరాలు బిగిసి శరీరం కదిలినా చితి ఒరగకుండా ఆపేవి ఆ దుంగలే. తలకొరివి పెట్టి బంధువులు వెళ్లిపోయాక కట్టె జరుపుతూ నాలుగైదు గంటలు అక్కడుండేది కాటికాపరే.

వానాకాలంలో పచ్చి కట్టె వస్తే తడి ఆవిరయ్యేదాకా వేడి పుట్టదు. డీజిల్ పోస్తే పైపైన భగ్గుమని ఆరిపోతుంది. చివరికి పాత టైర్లు వేస్తారు, ఆ విషపు పొగంతా అతని ఊపిరితిత్తుల్లోకే. ఎండాకాలంలోనే తుమ్మ కట్టె కొట్టించి రేకుల షెడ్డులో నిలవ చేస్తే ఈ బాధ తప్పుతుంది.

చాలాచోట్ల కాటిసుంకం తప్ప వీరికి వేరే రాబడి లేదు. అన్నదమ్ములు వంతులు వేసుకుంటారు, తరం మారేకొద్దీ వంతు చిక్కిపోతుంది. పట్నాల్లో గ్యాస్ దహనవాటిక వస్తే పని కాంట్రాక్టరుకు పోతుంది. ముందు వీరికే శిక్షణ ఇవ్వాలి. కొలిమిని ఒక్కసారిగా వేడెక్కిస్తే లోపలి ఇటుక పగులుతుందని, గుండె కోసం ఒంట్లో అమర్చిన పేస్‌మేకర్ తీయకుండా శవాన్ని లోపలికి పంపితే అది పేలుతుందని నేర్పితే నేర్చుకోలేనివారు కాదు.

1969 జనన మరణాల నమోదు చట్టం 10వ సెక్షన్ ప్రకారం మరణం సంగతి రిజిస్ట్రారుకు తెలపాల్సినవారిలో శ్మశానం చూసుకునేవారూ ఉన్నారు. చట్టం బాధ్యత పెట్టినచోట పంచాయతీ జీతం పెట్టాలి కదా! ఇది కులానికి కట్టేసిన వెట్టిగా సాగకూడదు. ఇష్టమున్నవారు చేసే ఉద్యోగం కావాలి, వద్దన్న పిల్లలను ఎవరూ బలవంతపెట్టకూడదు. నెల జీతం, రిజిస్టరు, చేతితొడుగులు, బూట్లు, పని ముగిశాక స్నానానికి నీళ్లు, ఏటా ఊపిరితిత్తుల పరీక్ష: వచ్చే పంచాయతీ బడ్జెట్లలోనే వీటికి పద్దు రాయాలని అధికారులను కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత పంచాయతీ కార్యదర్శి,
నల్లగొండ జిల్లా